రక్తబీజముల సేద్యము

రక్తబీజుని కథ ఎరుగని తెలుగువారు అరుదు. ఆ దానవుని దేహమునుండి నేల రాలిన ప్రతి నెత్తుటిబొట్టునుండియు అతనితో సర్వవిధముల సమానుడగు మరియొక దానవుడు పుట్టుకొని వచ్చెననియు, కాళికాదేవి ఆ రక్తమును నేలపై పడనీయక త్రాగివేసినగాని వాడు నశింపలేదనియు దేవీమాహాత్మ్యము చెప్పుచున్నది. పురాణకర్తకు భయంకరముగా తోచిన ఆ శక్తియే నేటి రక్తవైద్యులకు పరమవాంఛనీయమై యున్నది. ఒక రక్తోత్పాదక మూలకణమును గాజుపాత్రలో నుంచి, దానితో సర్వవిధముల సమానములగు వేయి కణములను పుట్టింపవలెనని ప్రపంచమునందలి పెక్కు ప్రయోగశాలలు దశాబ్దములుగా తంటాలు పడుచున్నవి. చిక్కంతయు ఆ సమానత్వమునందే యున్నది. కణములను పెంచుట అంత కష్టము కాదు, నాలుగు ప్రోటీనులు పోసినచో అవి పదిరెట్లు నూరురెట్లు కాగలవు. పెరిగిన కణము తల్లికణముయొక్క స్వభావమును పోగొట్టుకొనకుండ నిలుపుటయే ఇన్నాళ్లును ఎవరికిని అంతుపట్టని విద్యగా నుండెను.

మన ఎర్రకణముయొక్క ఆయుర్దాయము ఇంచుమించు 120 దినములు. కొన్ని తెల్లకణములకు ఒకటి రెండు దినములైనను నిండవు. ఈ నిత్యక్షయమును పూడ్చుటకు ఆరోగ్యవంతుని ఎముకలలోని మూలుగ దినమునకు సుమారు 20,000 కోట్ల ఎర్రకణములను తయారుచేయుచున్నది. అనగా పాఠకుడు ఈ వాక్యమును చదివి ముగించులోపల అతని ఎముకలలో కోటికి పైగా క్రొత్త కణములు పుట్టియుండును. ఇంతటి ఉత్పత్తికి మూలాధారమగు కణములు మాత్రము అత్యల్పములు, మూలుగలో పదివేలకో లక్షకో ఒకటి. ఒక మనుష్యుని రక్తకణములలో కాలక్రమమున చేరిన జన్యుపరివర్తనములను పోల్చిచూచి, ఆంగ్లదేశమున కేంబ్రిడ్జి సమీపమునందలి సాంగర్ సంస్థ శాస్త్రజ్ఞులు 2018లో వేసిన లెక్క ప్రకారము, అతని రక్తమంతయు సుమారు 50,000 మొదలు 2,00,000 మూలకణముల సంతానము మాత్రమే. ఈ కణము విభజన చెందునపుడు రెండు పనులు చేయవలసి యున్నది: ఎర్రకణములు, తెల్లకణములు, రక్తము గడ్డకట్టుటకు తోడ్పడు ప్లేట్‌లెట్లు అను వివిధరూపములను దాల్చు సంతానమును కనుట యొకటి, తనవంటి మూలకణమును మిగుల్చుకొనుట రెండవది. కాపువాడు పండిన పంటనంతయు తినివేయక కొన్ని వడ్లను విత్తనమునకై గాదెలో పోసి తాళము వేసినట్లు, మూలుగయందున్న కణము ఈ పొదుపును జీవితాంతము పాటించును. గాజుపాత్రలో పడిన కణము మాత్రము విత్తనపు వడ్లను కూడ వండుకొని తినివేయును. పదిదినములలో పాత్రనిండ కణములుండును. వానిలో మూలకణ మొక్కటియైనను మిగిలియుండకపోవచ్చును.

ఈ శాస్త్రము అణుబాంబు నీడలో పుట్టినదని చెప్పుట అతిశయోక్తి కాదు. 1945లో హిరోషిమా, నాగసాకి నగరములపై పడిన బాంబుల మంటలకు చావక మిగిలినవారిలో అనేకులు కొలది వారములకు రక్తస్రావముచేతను అంటువ్యాధులచేతను మరణించిరి. వారి మూలుగ కిరణములచేత నిర్జీవమై పోయెను. ఆ భయమునుండియే దీనికి విరుగుడేమను అన్వేషణ బయలుదేరెను. 1949లో షికాగో విశ్వవిద్యాలయమున లియాన్ జాకబ్సన్ ఎలుకయొక్క ప్లీహమును సీసపు తొడుగుతో కప్పి శరీరమంతటిపై మారకమగు మోతాదులో కిరణములను ప్రసరింపజేసినను ఆ ఎలుక బ్రతికెను. ప్లీహమునుండి ఊరెడి ఏదో రసము మూలుగను మరల చిగురింపజేయుచున్నదని యొక వర్గమును, అక్కడి కణములే వలసపోయి మూలుగలో కాపురము పెట్టుచున్నవని మరియొక వర్గమును ఏడేండ్లు వాదించుకొనిరి. 1956లో ఆంగ్లదేశమున హార్వెల్‌నందు చార్లెస్ ఫోర్డ్, జాన్ లౌటిట్ మున్నగువారు, సూక్ష్మదర్శినిలో సులభముగా గుర్తింపదగిన వికృత క్రోమోజోముగల దాతకణములను ఎలుకలకెక్కించి, కోలుకొనిన ఎలుకల మూలుగలో ఆ గుర్తుగల కణములే నిండియుండుటను చూపిరి. వాదము తీరెను. రక్షించినది కణమే.

ఏ కణము? ఈ ప్రశ్నకు సమాధానము టొరాంటో నగరమున దొరకెను. జేమ్స్ టిల్ భౌతికశాస్త్రజ్ఞుడు, కార్యములో క్రమము పాటించువాడు. ఎర్నెస్ట్ మెకల్లాక్ వైద్యుడు, ఊహలను స్వేచ్ఛగా పోనిచ్చువాడు. ఇద్దరును కలిసి ఒంటారియో కాన్సరు సంస్థలో కిరణములను తట్టుకొనుటలో మూలుగకణముల ఓర్పెంతయో కొలుచుచుండిరి. మూలుగ కణములెక్కించిన ఎలుకలను పదిదినముల పిమ్మట పరీక్షింపవలసిన దినము ఆదివారము కాగా, మెకల్లాక్ ఒంటరిగా ప్రయోగశాలకు వచ్చి వాని ప్లీహములపై చిన్నచిన్న బుడిపెలుండుట గమనించెను. అట్టి బుడిపెలను అంతకుముందును పరిశోధకులు చూచియే యుందురు; చూచి ఊరకొనియుందురు. ఇతడు వానిని లెక్కించెను. ఎక్కించిన కణముల సంఖ్య హెచ్చినకొలది బుడిపెల సంఖ్యయు అదే నిష్పత్తిలో హెచ్చుచుండెను. ఇంచుమించు పదివేల కణములకు ఒక బుడిపె. 1961లో ఈ ఫలితమును ప్రకటించి, 1963లో ఆండ్రూ బెకర్‌తో కలిసి, ఒక్కొక్క బుడిపెయు ఒకే కణముయొక్క సంతానమని క్రోమోజోముల గుర్తులచేతనే నిరూపించిరి. ఆ బుడిపెలకు కారణమగు కణములలో పెక్కు అసలైన మూలకణములు కాక వాని వంశములో ఒకటి రెండు తరములు దిగువనున్నవని పిమ్మటివారు తేల్చిరి. అయినను ఆ సవరణ టిల్, మెకల్లాకుల కీర్తిని తగ్గింపలేదు. ఒక కణమును దాని రూపముచేత గాక దాని పనిచేత గుర్తించి లెక్కింపవచ్చునను పద్ధతి వారు నేర్పినదే.

ఈ పద్ధతియొక్క కష్టమును కొంచెము వివరింపవలెను, లేనిచో తరువాతి కథలోని ఆలస్యములు పాఠకునికి అర్థము కావు. రక్తోత్పాదక మూలకణమును సూక్ష్మదర్శినిలో చూచినచో అది ఒక మామూలు గుండ్రని చిన్నకణము. దాని పైపొరయందలి ప్రోటీనులను బట్టి పోల్చుకొను ఉపాయములు క్రమముగా వచ్చినవి: 1984లో అమెరికాయందు కర్ట్ సివిన్ కనుగొనిన సి.డి.34 అను గుర్తు నేటికిని ఆస్పత్రులలో మూలకణముల కొలతకు వాడుకలో నున్నది. 1988లో స్టాన్‌ఫర్డ్‌లో ఇర్వింగ్ వైస్‌మన్ బృందము ఇట్టి గుర్తులను కలిపి ఎలుక మూలకణములను వేరుచేసెను. 1996లో జపానునందు హిరోమిత్సు నకౌచి బృందము ఒకే యొక్క కణమును ఎలుకకెక్కించి దానినుండి రక్తమంతయు పునరుత్పన్నము కాగలదని చూపెను. అయినను గాజుపాత్రలో కొన్ని దినములు గడపిన కణముపై గుర్తులుండవచ్చును, గుణముండకపోవచ్చును. వేషము నిలిచి విద్య పోయిన ఈ కణములను కనిపెట్టుటకు ఒకటే మార్గము: కిరణములచేత మూలుగ నశించిన ఎలుకకు దానినెక్కించి, నాలుగు మాసములు వేచి, ఆ ఎలుక రక్తములో సర్వజాతుల కణములును దాత సంతానములా కావా అని చూచుట, అంతటితో తృప్తిపడక ఆ ఎలుక మూలుగను తీసి రెండవ ఎలుకకెక్కించి మరల నాలుగు మాసములు వేచుట. పాత్రలోని ద్రవమున ఒక చిన్న మార్పు చేసి దాని ఫలితము తెలిసికొనుటకు ముక్కాలు సంవత్సరము పట్టునట్టి శాస్త్రములో పురోగతి మందగించుట వింత కాదు.

ఎలుకల సంగతి యిట్లుండగా వైద్యులు మనుష్యుల జోలికి ముందుగనే పోయిరి. న్యూయార్కు రాష్ట్రమునందలి కూపర్స్‌టౌన్ అను చిన్నపట్టణమున డానల్ థామస్ 1957లో ప్రకటించిన తొలి మూలుగ మార్పిడులు విఫలములైనవి. రోగులలో ఎవరును చిరకాలము జీవింపలేదు. దాతకణములు నిలద్రొక్కుకొనకపోవుట యొక విపత్తు, నిలద్రొక్కుకొనినవి గ్రహీత శరీరమునే పరాయిదిగా భావించి చర్మముపైనను ప్రేవులపైనను కాలేయముపైనను దాడిచేయుట అంతకు మించిన విపత్తు. 1960 దశకములో చాలమంది ఈ మార్గమును విడిచిపెట్టిరి. థామస్ మాత్రము భార్య డాటీతో కలిసి సియాటిల్‌నందు కుక్కలపై ప్రయోగములు సాగించుచు, దాతకును గ్రహీతకును తెల్లకణముల గుర్తులు కుదురుట ఎంత ముఖ్యమో నెలకొల్పి, 1990లో నోబెల్ బహుమానము నందుకొనెను. దాతకణముల దాడిని అణచుటకు ఆ సియాటిల్ బృందము వాడిన మందులలో మెథోట్రెక్సేట్ ముఖ్యమైనది. సైక్లోస్పోరిన్‌తో దానిని జతపరచిన పద్ధతి 1986లో ప్రకటితమై లోకమంతట ప్రమాణమయ్యెను. ఆ మెథోట్రెక్సేట్, న్యూయార్కు సమీపమునందలి లెడర్లీ ప్రయోగశాలలో మన భీమవరమునకు చెందిన యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వమున తయారైన ఫోలిక్ ఆమ్ల ప్రతిరోధకములలో నొకటి. 1948లోనే పరమపదించిన సుబ్బారావు మూలుగ మార్పిడి అను మాటయైనను విని యుండడు. సన్మానపత్రములలో ఆయనకు లెక్కలేనన్ని ఘనతలు అంటగట్టు మనవారు, నిజముగా ఆయనకు చెందిన ఈ ఘనతను ఏల ప్రస్తావింపరో నాకు బోధపడదు. మన దేశమున తొలి మూలుగ మార్పిడి 1983లో బొంబాయి టాటా స్మారక ఆస్పత్రిలో జరిగెను. 1986లో వెల్లూరు క్రైస్తవ వైద్యకళాశాల తలసేమియా రోగికి ఈ చికిత్స చేసెను.

మూలకణములను సంఖ్యలో పెంచవలెనను ఆతురతకు అసలు కారణము బొడ్డుతాడు. 1988 అక్టోబరులో ప్యారిస్‌నందు ఎలియాన్ గ్లుక్‌మన్, ఫాంకోని రక్తహీనతచే బాధపడు ఐదేండ్ల అమెరికా బాలునకు, అతని చెల్లెలు పుట్టినపుడు ఆమె బొడ్డుతాడునుండి సేకరించిన రక్తమును ఎక్కించెను. ఇండియానాలో హాల్ బ్రాక్స్‌మయర్ ప్రయోగశాల ఆ రక్తమును ఘనీభవింపజేసి భద్రపరచగా అది సముద్రము దాటి ప్యారిస్ చేరెను. బాలుడు స్వస్థుడయ్యెను. అంతవరకు ప్రసూతిగృహములలో మావితోపాటు పారవేయుచుండిన పదార్థమునందు మూలకణములు పుష్కలముగా నున్నవనియు, అవి పసికణములగుటచే దాతకును గ్రహీతకును పొందిక సంపూర్ణముగా లేకున్నను సర్దుకొనిపోగలవనియు తేలెను. లోపమొక్కటియే: ఒక బొడ్డుతాడునుండి లభించునది నూరు మిల్లీలీటర్ల పాటి రక్తము. బిడ్డకు చాలిన ఆ కణములు అరువది కిలోల పెద్దవానికి చాలవు. చాలని కణములు క్రొత్త తెల్లకణములను పుట్టించుటకు మూడు నాలుగు వారములు తీసికొనును. ఆ మధ్యకాలమున రోగి ఏ బూజునకో సూక్ష్మజీవికో ఆహుతి యగును. ఉన్న కణములనే పదింతలు చేయగలిగిన!

తొలి యత్నములు దేహమునందలి వృద్ధికారక ప్రోటీనులను పాత్రలో పోయుటతో ఆరంభమై నిరాశతో ముగిసినవి. మూలకణమునకు మూలుగలో ఒక ప్రత్యేకావాసమున్నదనియు, అందుండి వెడలినచో అది తన స్వభావమును కోల్పోవుననియు రేమండ్ స్కోఫీల్డ్ 1978లోనే సూచించి యుండెను. ఆ ఆవాసమునందు పొరుగుకణములు పంపు సంకేతములలో ఒకదానిని సియాటిల్ శాస్త్రజ్ఞులు పాత్ర యడుగున పూతగా పూసి కణములను పెంచి రోగులకెక్కించి 2010లో ప్రకటించిన ఫలితములలో తెల్లకణములు త్వరగా వచ్చినవి, కాని కాలక్రమమున రక్తమును నిలిపినది పెంచిన కణములు గాక వానితోపాటు ఎక్కించిన రెండవ బొడ్డుతాడు రక్తమే యయ్యెను. అదే యేడు మరియొక బృందము లక్ష రసాయనములను వరుసగా పరీక్షించి, మూలకణము పరిణతి చెందకుండ నిలువరించు స్టెమ్‌రెజెనిన్ అను పదార్థమును పట్టెను. 2014లో మాంట్రియల్‌నందు గై సొవాజో బృందము యు.ఎం.171 అను దానిని ప్రకటించెను. ఇన్నింటిలో ముందుగ అమెరికా ఔషధనియంత్రణ సంస్థ అనుమతి పొందినది మాత్రము అతిసామాన్యమగు నికోటినమైడ్, అనగా బి3 విటమినులో నొక రూపము. దానితో మూడువారములు పెంచిన బొడ్డుతాడు కణములను ఒమిడుబిసెల్ అను పేర 125 మందిపై జరిపిన పరీక్షలో, మామూలు బొడ్డుతాడు రక్తమెక్కించిన వారికి తెల్లకణములు పుంజుకొనుటకు 22 దినములు పట్టగా, దీనిని పొందినవారికి 12 దినములే పట్టెను. 2023 ఏప్రిలులో అనుమతి లభించెను. పది దినముల భేదమేనా అని పెదవి విరుచువారు, రోగనిరోధకశక్తి శూన్యమైన దేహముతో గాజుతలుపుల వెనుక గడపు ఒక్క దినము ఎట్టిదో ఎరుగనివారు.

ఇక నకౌచి, యమజాకీల కృషిని గూర్చి తీరికగా చెప్పుకొనవలెను. టోక్యోలోను పిదప స్టాన్‌ఫర్డ్‌లోను నకౌచి, ఆయన సహచరుడు సతోషి యమజాకీ, యువశాస్త్రజ్ఞుడు ఆడం విల్కిన్సన్ మున్నగువారు ఎలుక మూలకణములను చిరకాలము పెంచుటకు పూనుకొనిరి. కణములను పెంచు పోషకద్రవములలో ఆల్బుమిన్ అను రక్తప్రోటీను తప్పక యుండవలెనన్నది ఎవరును ప్రశ్నింపని ఆచారము. గోవు రక్తమునుండి తీసిన ఆల్బుమిన్ ఒక్కొక్కసారి ఒక్కొక్క ఫలితమునిచ్చుచుండుట ప్రయోగశాలల వారందరికిని అనుభవైకవేద్యమే. ఒక బుడ్డిలోనిది కణములను పెంచును, మరియొక బుడ్డిలోనిది చంపును, కారణమడిగిన చేయితిరుగని పనివానిపై నెపము పెట్టుట వాడుక. ఈ బృందము ఆ ఆల్బుమిన్‌నే అనుమానించెను. దానిలోని మాలిన్యములే కణములను పరిణతివైపు త్రోయుచున్నవని గ్రహించి, దానికి బదులుగా ఏమి వేయవచ్చునని వెదకుచు వారు చేరుకొనిన పదార్థము పాలీవినైల్ ఆల్కహాల్. విద్యార్థులు కాగితములంటించుకొను జిగురులో ముఖ్యద్రవ్యమిదియే. బట్టలకు పెట్టు గంజులలోను దీనిని కలుపుదురు. ఈ జిగురు వేసి, మూలుగలో మూలకణమును కాపాడు థ్రాంబోపోయిటిన్ అను ప్రోటీను మోతాదు హెచ్చించి, విభజనకు పురికొల్పు మరియొక ప్రోటీనును తగ్గించి, రెండు దినములకొకసారి ద్రవమును మార్చుచు ఒక నెల పెంచగా, నిజముగా పనిచేయు మూలకణముల సంఖ్య 236 మొదలు 899 రెట్ల వరకు పెరిగెను. 2019లో నేచర్ పత్రికలో ఈ ఫలితము వెలువడినపుడు, అరువదియేండ్ల వైఫల్యములో ఎంతపాలు కణముయొక్క మొండితనమో ఎంతపాలు మనము పోసిన మురికియో అను ప్రశ్న ఆ రంగములోని వారికందరికిని కలిగియుండవలెను. వ్యయప్రయాసలకోర్చి కొన్న అమూల్యద్రవ్యము బాధకమై, చవుకబారు జిగురు సాధకమగుట శాస్త్రచరిత్రలో తరచుగా జరుగునది కాదు.

ఎలుకకు పనికివచ్చిన పద్ధతి మనుష్యకణమునకు సూటిగా పనికిరాలేదు. 2023లో యమజాకీ బృందము బొడ్డుతాడు కణములకై జిగురును కాప్రొలాక్టమ్ ఆధారముగా గల వేరొక పాలిమరుతో మార్చి, వృద్ధికారక ప్రోటీనులను సంపూర్ణముగా త్యజించి, వాని పనిని చేయు చిన్నరసాయనములతోనే మనుష్య మూలకణములను ఒక నెల పెంచగలిగెను. పరీక్ష మాత్రము నేటికిని రోగనిరోధకశక్తి లేని ఎలుకలలోనే.

వారు ఇట్లు తపస్సు చేయుచుండగా ఆస్పత్రులు మాత్రము వేచియుండలేదు. బాల్టిమోరులో జాన్స్ హాప్కిన్స్ వైద్యులు మార్పిడి జరిగిన మూడవ నాలుగవ దినములలో సైక్లోఫాస్ఫమైడ్ అను పాతమందు నిచ్చి దాడిచేయు కణములను మాత్రము అణచివేయుట నేర్చిరి. దానితో సగము పొందికగల తల్లియైనను తండ్రియైనను సోదరుడైనను దాత కాదగెను. దాదాపు ప్రతి రోగికిని ఇంటిలోనే దాత దొరకుచుండగా బొడ్డుతాడు రక్తమునకు గిరాకి పడిపోయెను. మన నగరములలో కడుపుతోనున్న తల్లుల యింటికి వచ్చి బిడ్డ బొడ్డుతాడు రక్తమును వేలకొలది రూపాయల రుసుముపై దాచిపెట్టుదుమని ఆశపెట్టు ప్రైవేటు బ్యాంకుల ప్రతినిధులు ఈ సంగతిని చెప్పరు. ఆ బిడ్డ తనకొరకే తన రక్తమును దాచుకొనుటకు శాస్త్రీయాధారము లేదని భారత వైద్యపరిశోధనామండలి 2017 నాటి మార్గదర్శకములలో స్పష్టముగా పలికినదని కూడ చెప్పరు. పుట్టుకతో వచ్చిన జన్యుదోషమునకు అదే దోషముగల రక్తము మందెట్లగును?

అట్లైన ఈ కణముల సేద్యమునకు ఇక ప్రయోజనమేమి? ప్రయోజనము దిక్కు మార్చుకొనినది. ఇప్పుడు రోగి తన కణములకు తానే దాత కాదగును, వానిలోని జన్యువును సవరింపగలిగినచో. సికిల్‌సెల్ వ్యాధికి అట్టి చికిత్సయగు కాస్‌జెవీ 2023 నవంబరులో బ్రిటనులోను, డిసెంబరులో అమెరికాలోను అనుమతి పొందెను. ఆదిలాబాదు అడవులలోను విశాఖ మన్యములోను గిరిజనులను పట్టి పీడించు వ్యాధి యిదియే కాన, ఈ వార్త మనకు పరాయిది కాదు. అమెరికాలో దాని వెల 22 లక్షల డాలర్లు అనునది కూడ మనము వినవలసిన వార్తయే. ఆ వెలకు కారణములలో కణముల కొరత యొకటి. సికిల్‌సెల్ రోగులకు మూలకణములను రక్తములోనికి రప్పించు మామూలు ఇంజక్షను ప్రమాదకరము కాన వేరు మందునిచ్చి, చాలినన్ని కణములు చేరువరకు మరల మరల ఆస్పత్రిలో పడుకొనబెట్టి రక్తమును వడగట్టవలసి యున్నది. పిమ్మట పాతమూలుగను నిర్మూలించుటకు తీవ్రమగు రసాయనచికిత్స. దానితో సంతానయోగ్యత పోవుటయు కలదు. కొలదికణములను తీసి, సవరించి, సవరణ సరిగా కుదిరిన వానిని ఎంచి, వానిని మాత్రమే పెంచగలిగినచో మొదటి బాధ తప్పును. రెండవదానికి 2019 నాటి ఎలుకలే ఆశ చూపినవి: పెంచిన కణములను అపారసంఖ్యలో ఎక్కింపగా, కిరణములు గాని విషౌషధములు గాని పొందని ఎలుకల మూలుగలో సహితము అవి చోటు సంపాదించుకొనెను. మనుష్యునిలో ఇది ఋజువు కాలేదు.

అనేకపర్యాయములు విభజింపబడిన కణమునందు ఏ జన్యుదోషము పొంచియున్నదో, అది ఎన్నడు రక్తకాన్సరుగా పరిణమించునో అను శంక మరియొకటి కలదు; సవరించిన కణములకును ఆ శంక వర్తించును. అందుచేతనే కాస్‌జెవీ పొందినవారిని పదునైదేండ్లపాటు పరీక్షించుచుండవలెనని నియమము పెట్టిరి. అనుమతి వచ్చిన యేడే ఎవరైన దానిని స్వీకరించియున్నను వారి ఖాతా 2038కి గాని మూతపడదు.